గోడకు చెయ్యి ఆనించకుండా అమ్మరాదు

ఆళ్లగడ్డ కాపురస్థురాలిని, కీర్తిశేషులు సుబ్బరాయుడుగారి భార్యను, రామేశ్వరమ్మ అనే నేను, వయస్సు అరవై ఎనిమిది, ఈ వీలునామా వ్రాయిస్తున్నాను. కళ్లకు పొర వచ్చింది గానీ బుద్ధికి రాలేదు. నన్నెవరూ బలవంతపెట్టలేదు. పెట్టేంత ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

1. కోయిలకుంట్ల దారిలోని ఎనిమిదెకరాల శనగచేను, నేను కాపురమున్న ఇల్లు నా తదనంతరం నా ఏకైక కుమారుడు రామయ్యకు సర్వహక్కులతో చెందవలెను. రామయ్య పిరికివాడు కాడు, పామును తోక పట్టి విసిరినవాడు. అచ్చు అక్షరాన్ని చూస్తేనే వణుకుతాడు.

2. నంద్యాలలోని శ్రీ విజయ విద్యుత్ మోటార్ల కంపెనీలో నా పేర ఉన్న రెండువందల షేర్లు మనవరాలు ఉమామహేశ్వరమ్మకు. ఇవి ఎట్లా మిగిలాయో ఆమెకు తెలియవలెను.

నా భర్త జీవితమంతా ఎద్దుల వెనక నడుస్తూ కపిలి తోలి నీళ్లు తోడాడు. ఆయన పోయిన మరుసటేడు, 1954లో, నంద్యాలలో ఆ కంపెనీవాళ్లు ఒక బావి దగ్గర మోటారు పెట్టి చూపించారు. ఎద్దు లేదు, మనిషి లేడు. గొట్టం నిండా నీళ్లు పైకి వచ్చాయి. నేను అక్కడే నిలబడి ఏడ్చాను. కాసులపేరు అమ్మి, ఒక్కొక్కటి పది రూపాయల చొప్పున షేర్లు కొన్నాను. ధర ఇరవైరెండు దాకా పోయింది. ఊళ్లో అందరూ నన్ను తెలివైనదన్నారు.

పోయిన ఏడు బొంబాయిలో, మద్రాసులో షేర్ల బజారు పడిపోయింది. మా షేరు మూడు రూపాయలకు దిగింది. పేపర్లో ధర చూసి, కంపెనీ మూతపడిందని బస్సుల్లో చెప్పుకున్నారు. రామయ్య తన షేర్లు అమ్ముకుని, “అమ్మా, ఇంగ నీవీ ఇచ్చెయ్, రేపటికి అవీ ఉండవు” అన్నాడు. భయపడి అమ్మకం కాగితాల మీద నేనూ సంతకం పెట్టాను. మా చేలో పనిచేసే దేవమ్మ, తన కూతుర్ని చూడడానికి నంద్యాల పోతుంటే, బ్రోకరుకు ఇమ్మని ఆ కాగితాల కవరు ఆమె చేతికిచ్చాను.

మర్నాడు కవరు తిరిగి తెచ్చింది. “అమ్మా, ఆ మోటార్లు చేసే షెడ్డు కాడికి పోయినా. తలుపు ఏసుండాది. గోడకు చెయ్యి ఆనించి చూస్తే వణుకుతాంది. లోపల పని జరుగుతాంది. సచ్చిందని ఎవురు చెప్పినారు నీకు?” అంది.

ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తాం, నడిపించి చూస్తాం. ఇంతమందిమి దాని దగ్గరికైనా పోకుండా పేపరు చూసి అమ్మబోయాం. షేరంటే ఏమిటో తెలియని మనిషి పోయి ముట్టుకుని వచ్చింది. ఆ ఆశ్చర్యం నాకు నేటికీ తీరలేదు. ఆమె ముందు నేను చాలా చిన్నదాన్ననిపించింది.

ఈరోజు ధర నాలుగున్నర. పది ఎప్పుడవుతుందో తెలియదు, కాకనూ పోవచ్చు. అందుచేత షరతు: ఉమామహేశ్వరమ్మ స్వయంగా నంద్యాల పోయి ఆ గోడకు చెయ్యి ఆనించి చూడకుండా ఒక్క షేరు కూడా అమ్మరాదు. వణుకు లేకపోతే అదేరోజు అమ్మవచ్చు. అప్పుడు నా మీద గౌరవం కొద్దీ ఉంచుకోనక్కరలేదు.

3. దేవమ్మకు ఇరవై షేర్లు, నా ఎర్ర కంబళి. ఈ అంశం కొట్టివేయడమైనది. సాక్షి సంతకం చేసినవారికి ఆస్తి వ్రాయకపోవడం మంచిదని వకీలుగారు చెప్పి, షేర్లు కావాలో సాక్షి సంతకం కావాలో కోరుకొమ్మంటే, “కాగితాలు నాకెందుకు సామీ. చూసొచ్చింది నేను గదా, సాక్ష్యమే పెడతా” అంది. షేర్లు పై రెండువందలలోనే ఉంటాయి. కంబళి మాత్రం వీలునామాతో పని లేకుండా ఇప్పుడే నా చేత్తో ఆమెకు కప్పాను.

4. ఇది అమలు జరిపే బాధ్యత నంద్యాల వకీలు సంజీవయ్యగారిది.

చదివించుకుని విని, సమ్మతించి చేసిన సంతకం.

1958 నవంబరు 14, శుక్రవారం, ఆళ్లగడ్డ.

రామేశ్వరమ్మ

సాక్షులు:
1. రంగయ్య, బడి పంతులు.
2. దేవమ్మ, కుడిచేతి బొటనవేలి ముద్ర. గోడకు ఆనించిన చెయ్యి ఇదేనని ఆమె చెప్పగా వ్రాయడమైనది.