గడియారాలకు చేపనూనె

బావగారికి నమస్కారాలు.

మీ తమ్ముడి మతిమరుపు తగ్గాలని మీరు నెలనెలా పంపే చేపనూనె మాత్రలను ఆయన మింగుతున్నారనే అనుకున్నాను. నిన్న కళ్లారా చూశాను. ఒక్కో మాత్రనూ సూదితో పొడిచి, బాగు చేస్తున్నాననుకుంటూ లోపలి నూనెను ఇంట్లో గడియారాలకు వేస్తున్నారు. నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసిన చేతులు కదా, ఒక్క చుక్క ఒలకలేదు. ఆ నూనె జిగురుకట్టి గడియారాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

తిట్టబోయాను. "ఇంత మంచి నూనె ఎవరు పంపారండీ?" అని పరాయిదాన్ని అడిగినట్టు అడిగారు.

"మీ అన్నయ్య."

"నాకు అన్నయ్య ఉన్నాడా?"

మింగినా పోయిన మతి తిరిగిరాదని డాక్టరు తేల్చేశారు. అయినా మాత్రలు ఆపకండి. వంటగదిలో గడియారం ఒక్కటి ఇంకా తిరుగుతోంది. అది ఆగేదాకా ఆయనకు పని ఉంటుంది.

మీ మరదలు