వరండాలో నిలబడ్డ తమ్ముడికి మా అమ్మ కుర్చీ

టీచరమ్మ పెద్దకూతుర్ని, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైనదాన్ని అయిన నేను, నా మతి నా దగ్గరే ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. మతి స్థిరంగానే ఉందని డాక్టరు ధ్రువీకరించాడు. ఆయనా మా అమ్మ శిష్యుడే కాబట్టి పంతొమ్మిదో ఎక్కం అప్పజెప్పమన్నాడు. గడగడా అప్పజెప్పాను. వచ్చే వారం నా గుండెకి ఆపరేషన్ అని చెప్పేటప్పుడు మాత్రం ఆయనే తడబడ్డాడు.

ఆస్తుల సంగతికి ముందు, దీన్ని అమలు చేయాల్సిన వకీలుగారికి మా ఇంటి పద్ధతి తెలియాలి. మా అమ్మ జీవితమంతా పాఠాలు చెప్పింది. ఊళ్లో సంతకం పెట్టడం వచ్చినవాళ్లలో సగం మంది చెయ్యి ఆవిడ పట్టుకుని దిద్దించిందే. రిటైరయ్యాక బడి మానలేదు, ఇంటికి తెచ్చుకుంది. పొద్దున్నే గంట కొట్టి, హాల్లో నన్నూ, తమ్ముణ్ణీ, వాడి భార్యనీ కూర్చోబెట్టి హాజరు పిలిచేది. తలలు నెరిసిన మేము ప్రెజెంట్ టీచర్ అనేవాళ్లం. నోరుజారి అమ్మా అంటే ఆబ్సెంట్ వేసేది. నేను క్లాస్ లీడర్ని. లీడరుకి ఎవరినైనా బయటికి పంపే అధికారం ఉంటుంది. లోపలికి పిలిచే అధికారం మాత్రం టీచరుదే.

తొంభై దాటాక ఒకరోజు, ఎప్పుడో పోయిన మా నాన్న పేరు కూడా పిలిచింది. పెద్ద గుమాస్తాగా రిటైరైన నా తమ్ముడు నాన్న గొంతుతో ప్రెజెంట్ అన్నాడు. ఆవిడ హాజరు పుస్తకంలోంచి తలెత్తకుండానే, బయటికెళ్లి నిలబడు, నేను పిలిచేదాకా రావద్దు అంది. వాడు నవ్వుకుంటూ వరండాలోకి వెళ్లాడు. ఆవిడ పాఠం మొదలుపెట్టి, మధ్యలో తన టీచరు కుర్చీలోనే కన్నుమూసింది. వాణ్ణి పిలవనేలేదు.

నాలుగేళ్లయింది. వాడు ఇప్పటికీ గడప దాటి లోపలికి రాలేదు. మంచం, ఫ్యాను, టీవీ వరండాలోకే తెప్పించుకున్నాడు. మరదలు కిటికీలోంచి అన్నం అందిస్తుంది. వానొస్తే గొడుగేసుకుని తింటాడు. ఒకసారి నేనే ఆ కుర్చీలో కూర్చుని, రారా లోపలికి అని పిలిచాను. నీకు ఛార్జి అప్పగించిన కాగితం ఏదక్కా అన్నాడు. నేనే రాసుకుంటానన్నాను. ఎవరి ఉత్తర్వు వాళ్లే రాసుకుంటే చెల్లదన్నాడు. జన్మంతా ఫైళ్లు తొక్కిపెట్టినవాడితో ఏం వాదిస్తాం?

కాబట్టి నా తదనంతరం జరగవలసినవి:

ఒకటి. అమ్మ ఎర్రసిరా పెన్నులు నా మరదలికి. పెన్ను లేకుండానే నా వంటలో తప్పులు దిద్దుతోంది, ఇకమీదట రాతపూర్వకంగా దిద్దుకోవచ్చు. ఈ నాలుగేళ్లలో ఒక్కనాడూ కిటికీలోంచి చల్లారిన అన్నం ఇవ్వలేదు గనక నా బంగారు గాజులు కూడా ఆవిడకే.

రెండు. ఇత్తడి గంట ఎదురింటి దర్జీకి. చెవులు చిల్లులు పడుతున్నాయని మా మీద ఫిర్యాదు చేసిన పెద్దమనిషి. అమ్మ పోయిన వారానికే, గంట లేక మెలకువ రావడం లేదని మొహం వేలాడేసుకుని వచ్చాడు. ఇక తనే కొట్టుకోవాలి.

మూడు. బెత్తం పెరట్లో చిక్కుడు పాదుకి. మ్యాపు మీద నదులు చూపించడానికీ, బల్లుల్ని తోలడానికీ తప్ప అమ్మ దాన్ని ఎత్తింది లేదు.

నాలుగు. వరండా తన పేర రాయమని తమ్ముడు కిటికీలోంచి అడిగాడు. చస్తే ఇవ్వను అని రాయించబోతే, చచ్చాకే కదమ్మా ఇచ్చేది అని వకీలుగారు ఆపారు. అయినా ఇవ్వను.

అయిదు. అమ్మ కుర్చీ, దాంతోపాటు టీచరు పదవి, సర్వహక్కులతో నా తమ్ముడికి దఖలు పరుస్తున్నాను. కుర్చీ హాలు దాటి కదలరాదు. అందులో కూర్చున్నప్పుడే హక్కు చెల్లుతుంది. టీచరుకి తన క్లాసులోకి రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇదిగో కాగితం, ఇదిగో ముద్ర. ఇంకేం సాకు చెబుతావురా?

ఇంకో మాట. అమ్మ ఆ రోజు కోపంతో పంపలేదు. నాన్న గొంతు వినేసరికి ఆవిడకి కళ్లు నిండాయి, అది వాడు చూడకూడదని పంపింది. పక్కన కూర్చున్న నేను చూశాను. ఎన్నిసార్లు చెప్పినా వాడు నమ్మలేదు. ఇప్పుడు స్టాంపు కాగితం మీద ఉంది కాబట్టి నమ్ముతాడు.

మిగతావన్నీ నేను పోయాకే. అయిదో అంశం మాత్రం ఈ సాయంత్రమే అమలు కావాలి. వాడు లోపల కూర్చుని ఉండగా కళ్లారా చూసి ఆపరేషన్‌కి వెళ్లాలని ఉంది. మనిషి బతికుండగా వీలునామా అమలు చేయడం చట్టంలో లేదని వకీలుగారు ఒకటే పట్టు పట్టారు. క్లాస్ లీడరు హోదాలో ఆయన్ని వరండాలోకి పంపాను.

తేదీ: ఆపరేషన్‌కి ముందు బుధవారం, బడి వదిలే వేళ.

సంతకం: పెద్దకూతురు, క్లాస్ లీడర్.

సాక్షులు: పంతొమ్మిదో ఎక్కం విన్న డాక్టరు. ఉత్తరం ఇవ్వడానికొచ్చి ఇరుక్కుపోయిన పోస్ట్‌మ్యాన్.

రాసినవారు: వకీలుగారు, కిటికీలోంచి సంతకం చేశారు. ఆయన్ని లోపలికి పిలిచే అధికారం ప్రస్తుతం కుర్చీలో కూర్చుని కళ్లు తుడుచుకుంటున్న మా తమ్ముడిది. ముందు హాజరు పిలవనీ అక్కా, తర్వాత చూద్దాం అంటున్నాడు.