తెల్లచీర అంచుకు పసుపు

కాశీబుగ్గ
2003 మే, బుధవారం రాత్రి

ఈరోజు టెక్కలి చర్చిలో మా సుజాత పెళ్లయింది. మా ఇంటి నుంచి నేనొక్కదాన్నే వెళ్లాను. ఆయన రానన్నారు.

తెల్లచీర, తలమీద తెల్లటి ముసుగుతో కూతుర్ని చూడగానే గుండె ఝల్లుమంది. మా ఇళ్లలో పెళ్లికూతురు కట్టేది పసుపుచీర. తెల్లచీర మా నాన్న పోయాక అమ్మ కట్టుకుంది. నా ముఖం చూసి కాబోలు, పెళ్లికొడుకు తల్లి దగ్గరకొచ్చి, "మాకు తెలుపంటే శుభమే వొదినా, ఏటీ అనుకోకు" అంది. తలూపాను గానీ భయం పోలేదు.

లోపలి గదిలో సుజాత కుచ్చిళ్లు పక్కకు తీసి లోపలి అంచు చూపించింది. "ఇక్కడ పసుపెట్టవే అమ్మా, కొత్తసీర కదా. ఎవులికీ కనబడదు."

నా పర్సులో పసుపు పొట్లం ఉందని దానికెలా తెలిసిందో. పసుపు ఎక్కువై మరక పెద్దదైంది. "పోన్లేవే" అని నవ్వింది.

ఇంటికొచ్చి ఆయనకు అన్నం పెట్టాను. సగంలో తలెత్తకుండా, "ఏ సీర కట్టింది?" అని అడిగారు.

"తెల్లది" అన్నాను.

కంచంలోనే చెయ్యి కడిగేసి లేచిపోయారు.

ఆ చీరలో సుజాత ఎంత బాగుందో చెప్పుకోవడానికి ఈ ఇంట్లో నాకెవరూ లేరు.