గోవిందు చెప్పిన నీడ

అక్కకు,

చెల్లెలు సుగుణ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ మరిది ఒంట్లో బాగానే ఉన్నాం. మా గురించి బెంగ పెట్టుకోవద్దు. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? బావగారు షుగరు మాత్రలు వేళకు వేసుకుంటున్నారా, లేక నువ్వు చూసినప్పుడు మాత్రమే వేసుకుంటున్నారా? పైరు పొట్టకు వచ్చిందా? మొన్నటి ముసురుకు చేలో నీళ్ళు నిలిచాయని విన్నాను. అందరూ క్షేమమని ఒక్క ముక్క రాయించు.

నెల రోజులుగా నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా పనిలో ఉన్నానని పెట్టేస్తున్నాను. పనేమీ లేదక్కా. ఫోన్లో చెబితే నువ్వు మధ్యలో అందుకుంటావు, నేను ఏడుస్తాను, మాట సగంలో తెగిపోతుంది. కాగితం మీదైతే నువ్వు నన్ను ఆపలేవు. చివరిదాకా చదివి ఆ తర్వాత తిట్టు, పడతాను.

మేం ఈ పాలెంలో ఇల్లు కట్టుకుని నాలుగేళ్ళు దాటింది. మీ మరిదికి ప్లాంటు దగ్గరవుతుందని, నేల చౌకగా వచ్చిందని వచ్చాం. దగ్గరే అయింది, కంపెనీ బస్సు వీధి చివరే ఆగుతుంది. ఆ సంగతి బాగానే ఉంది. కానీ ఉప్పుగాలికి తలుపు గడియలు ఏడాదికోసారి మార్చాలి. బట్టలు ఎంత ఎండలో వేసినా చెమ్మ పోదు. బోరు నీళ్ళతో పప్పు ఉడకదు, తాగే నీళ్ళతోనే ఉడికించాలి. వీటన్నిటికీ అలవాటు పడ్డాను. అలవాటు పడనిది ఒంటరితనానికే. ఇక్కడివాళ్ళంతా ఒక్క కట్టు మనుషులు. సముద్రం మీద బతికేవాళ్ళు. మనమేమో వడ్ల మీద బతికినవాళ్ళం. చెడ్డగా ఎవరూ మాట్లాడలేదు, గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్తున్నాను. పెళ్ళిళ్ళకు పిలుస్తారు, పీట వేస్తారు, వడ్డిస్తారు. తిని చెయ్యి కడుక్కున్నాక మాత్రం నాతో ఏం మాట్లాడాలో వాళ్ళకు తోచదు, వాళ్ళతో ఏం మాట్లాడాలో నాకూ తోచదు.

పోలమ్మ ఒక్కతే వేరు. నీకు ఫోన్లో ఎన్నోసార్లు చెప్పానే, చేపల గంప ఆమె. మొదటి ఏడాది నాకు జ్వరమొచ్చి మీ మరిది డ్యూటీలో ఉంటే, గంప మా వసారాలో దించేసి, ఆ పూట బేరం మానుకుని నా దగ్గరే కూర్చుంది. అప్పట్నుంచి నేను ఆమెకు చెల్లెల్ని. ఆమె కొడుకే గోవిందు. ముప్పై ఏళ్ళుంటాయి, పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. భుజం దెబ్బతిని వల లాగలేక, నెల్లూరులో సోలార్ పని నేర్చుకుని సొంతంగా కాంట్రాక్టులు మొదలుపెట్టాడు. పాలెంలో అతను ఒప్పుకున్న మొదటి ఇల్లు మాదే. ఇక్కడ బాగా పనిచేస్తే మేమూ పెట్టించుకుంటామని మరో మూడిళ్ళవాళ్ళు చూస్తూ కూర్చున్నారు. అతని బతుకంతా మా మిద్దె మీదే ఉందన్నమాట.

సోలార్ పలకలు బిగించిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది, నీకు ఫోన్ చేశాను. గోవిందు మిద్దెంతా నడిచి చూసి, ఈశాన్యం మూల ఖాళీగా ఉంది, అక్కడే పలకలు పెడదామన్నాడు. నాకు గుండె ఝల్లుమంది. మనన్న ఈశాన్యంలో వడ్ల కొట్టు కట్టించి ఏడాది తిరక్కముందే పోయాడు కదా. డాక్టరు గుండెపోటన్నాడు. మనం మాత్రం కొట్టు పడగొట్టించాం. ఆ రోజు నుంచి మనింట్లో అందరికీ దిక్కుల భయం పట్టుకుంది. నువ్వు ఫోన్లో అన్న మాట కూడా నాకు గుర్తే. "ఈశాన్యంలో ఇనప గుంజలు పాతిచ్చుకుంటావటే? అన్నకయింది చాలదా మనకి?" అన్నావు. నిన్ను తప్పుపట్టడానికి రాయడం లేదక్కా. నువ్వు చెప్పకపోయినా నేను అదే చేసేదాన్ని.

అతన్ని వాయవ్యం వైపు పెట్టమన్నాను. మా ఇంటికి నైరుతిలో మెట్ల గది, దాని మీద వాటర్ ట్యాంకు. దానికి ఉత్తరంగా పలకలు. గోవిందు తల గోక్కున్నాడు.

"వద్దక్కా. ఈడ ట్యాంకీ నీడ పడద్ది. ఇప్పుడు ఎండాకాలం, పొద్దు నడినెత్తి మీద ఉండాది, నీకు తెలీదు. చలికాలంలో పొద్దు దక్షిణానికి వంగితే సగం పలకలు నీడలోకి పోతాయి. ఒక్క పలక మీద నీడ పడినా ఆ వరసంతా డీలా పడతాదక్కా."

నేనేమన్నానో తెలుసా? "మా ఇంటి దిక్కులు మాకు తెలుసులే, నువ్వు బిగించు" అన్నాను. అతను ఇంకో రెండుసార్లు చెప్పి చూశాడు. చివరికి పలకల స్టాండు కాళ్ళు ఓ అడుగు ఎత్తు పెంచి బిగించి పోయాడు. మీ మరిది ఆ రోజు డ్యూటీలో ఉన్నారు. ఆ మాటలు విన్నవాళ్ళు నేనూ గోవిందూ తప్ప ఇంకెవరూ లేరు.

వేసవంతా బ్రహ్మాండంగా పనిచేసింది. మీటరు చూడ్డానికి ఆడవాళ్ళు కూడా మిద్దెక్కి వచ్చేవాళ్ళు. నాలుగేళ్ళలో మా ఇంటికి అంతమంది రావడం అదే మొదలు. అందరికీ మజ్జిగిచ్చి, నేనే కనిపెట్టినట్టు వివరించేదాన్ని. కార్తీకం వచ్చేసరికి కరెంటు తగ్గడం మొదలైంది. మార్గశిరానికి సగానికి పడిపోయింది. వచ్చినవాళ్ళు మీటరు చూసి, మజ్జిగ కూడా తాగకుండా దిగిపోతున్నారు. నాకు తలకొట్టేసినట్టయింది. గోవిందును పిలిపించాను.

అతను పైకెక్కి చూసి, మెల్లగా, "నేనాపొద్దే చెప్పినా గదక్కా, నీడని" అన్నాడు. నా పక్కన వీధి ఆడవాళ్ళు నలుగురున్నారు. నాకు ఒళ్ళు మండింది. "నీడా లేదు, గీడా లేదు. నాసిరకం పలకలు తెచ్చి అంటగట్టి, ఇప్పుడు కథలు చెప్తావా? నువ్వా మాట ఎప్పుడు చెప్పావు?" అన్నాను. మరిచిపోయి అనలేదక్కా. ఆ మాట నోట్లోంచి వస్తున్నప్పుడే అబద్ధమని నాకు తెలుసు. అతను నా ముఖంలోకి చూసి, తలదించుకుని దిగిపోయాడు.

అక్కడితో ఆగిపోయినా బాగుండేది. మీ మరిది నా మాట నమ్మి ఊరి పెద్దలకు చెప్పారు. ఇక్కడ తగవులకు పోలీసు స్టేషన్ దాకా పోరు. పడవలు ఒడ్డుకు చేరాక రామమందిరం ముందు కూర్చుని తేల్చుకుంటారు. తప్పు చేసినవాడి మీద దురాయి వేస్తారు. అంటే, అతనికి ఎవరూ పని ఇవ్వకూడదు, అతనితో ఏ వ్యవహారమూ పెట్టుకోకూడదు అని కట్టడి. వేశారంటే ఎవరూ దాటరు.

మా తగవు తేల్చడానికీ అక్కడే కూర్చున్నారు. గోవిందు లేచి, "నేను చెప్పినా. అక్కకి గుర్తుకు లేదేమో" అన్నాడు. నన్ను అబద్ధాలకోరు అనలేదు, చూడు. పెద్దాయన నా వైపు తిరిగి, "చెప్పినాడామ్మా?" అని అడిగాడు. అప్పుడైనా చెప్పొచ్చు. నేను "లేదు" అన్నాను.

ప్రమాణం చెయ్యమంటారని భయపడ్డాను. ఇక్కడ మాటకు మాట ఎదురైతే దేవుడి ముందు దీపం ఆర్పించి ప్రమాణం చేయిస్తారు. నన్ను అడగలేదు. పెద్దాయన అందరినీ చూసి, "మన ఊరిని నమ్ముకోని వచ్చి ఇల్లు కట్టుకున్న ఆడబిడ్డ. ఆమె మాట నమ్మక ఎవురి మాట నమ్మతాం?" అన్నాడు. పలకలన్నీ మార్చి బాగుచేసేదాకా గోవిందు మీద దురాయి వేశారు. అక్కా, నీ దగ్గర దాచను. మన ఊరి ఆడబిడ్డ అన్న మాట వినగానే నాకు సంతోషం పొంగుకొచ్చింది. నాలుగేళ్ళుగా ఆ మాట కోసమే కాచుకుని ఉన్నానని అప్పుడు తెలిసింది. ఆ సంతోషాన్ని తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే రోత పుడుతోంది.

ఆ మూడిళ్ళవాళ్ళూ వద్దన్నారు. గోవిందు పోర్టులో మూటలు మోసే పనికి పోయాడు, ఆ దెబ్బతిన్న భుజంతోనే. ఆ వారమంతా వీధిలో అందరూ నన్ను పలకరించారు. ఒకామె పిల్లకు చెవులు కుట్టిస్తున్నానని ముందుగా నాకే చెప్పింది.

ఇంకో నాలుగు రోజులకు పోలమ్మ గంపతో వచ్చింది. రాదనుకున్నాను. ఎప్పటిలాగే వసారాలో గంప దించి, నాకిష్టమని వంజరాలు ఏరి పక్కన పెట్టింది. నా ముఖం చూడకుండానే మాట్లాడింది. "నా కొడుకు అబద్ధం ఆడతాడని నేను కల్లో కూడా అనుకోలా తల్లీ. నువ్వయితే తప్పు చెప్పే మనిషివి కాదు గదా. అందుకే వాణ్ణే కడిగి పారేసినా. నువ్వు మనసులో పెట్టుకోబాక" అంది. డబ్బులు కూడా తీసుకోలేదు. కొడుకు చేసిన దానికి సిగ్గుపడి తీసుకోలేదక్కా.

ఆ చేపలు నేను వండలేదు. మరుసటి రోజు మధ్యాహ్నం మిద్దెక్కి మెట్ల గది పక్కన కూర్చున్నాను. ట్యాంకు నీడ మూడు పలకల మీద నల్లగా పరుచుకుని ఉంది. నాలుగింటిదాకా అక్కడే ఉన్నాను. నీడ ఒక పలక వదిలి ఇంకో పలక మీదికి పోయిందే గానీ, పలకల మీంచి దిగలేదు. గోవిందు ఎలా చెప్పాడో అచ్చం అలాగే.

మీ మరిదికి అంతా చెప్పాను. ఆయన, "ఇప్పుడు కదిలించి ఏం లాభం? ఇంకో ఆర్నెల్లు పోతే అందరూ మర్చిపోతారు. మనం ఈ ఊళ్ళోనే బతకాలి గదా" అన్నారు. ఈ ఊళ్ళోనే బతకాలి కాబట్టే చెప్పాలని నేనన్నాను. పెద్దల ముందుకు పోయిన రోజు ఆయన సెలవు పెట్టి నాతో వచ్చారు. అది మాత్రం మరిచిపోకూడదు.

రామమందిరం దగ్గర అందరి ముందూ నిలబడి చెప్పాను. గోవిందు చెప్పాడు, ఒక్కసారి కాదు మూడుసార్లు చెప్పాడు, నేనే వినలేదు, ఆ తర్వాత అబద్ధం ఆడాను అని. గోవిందు మీద దురాయి అక్కడికక్కడే ఎత్తేశారు. నేను, "అతని మీద వేసిన దురాయి నా మీద వెయ్యండి. ఎన్నాళ్ళు వేసినా పడి ఉంటాను" అన్నాను. పెద్దాయనకు కోపం రాలేదు. కోపమొచ్చినా బాగుండేది.

"మా మాట మా బిడ్డల మీద నడస్తాదమ్మా" అన్నాడు. "నువ్వు బయటామెవి. నీ మీద మేం దురాయి ఎట్టా ఏస్తాం? ఇంటికి పో తల్లీ."

నన్ను ఎవరూ వెలివేయలేదక్కా. దార్లో కనబడితే ఇప్పటికీ నవ్వుతారు, తప్పుకుని దారిస్తారు. తిట్టినా భరించేదాన్ని.

గోవిందు వచ్చి కొలతలు తీసుకున్నాడు. పలకలు ఈశాన్యం మూలకే మార్పిస్తున్నాను. నీకు భయమేస్తుందని తెలుసు. నాకూ వేస్తుంది. కానీ అన్నను తీసుకుపోయింది ఆ వడ్ల కొట్టేనని ఇక నేను నమ్మలేను. అన్న పోయాడు, అంతే. ఆ దుఃఖానికి ఒక మూల కావాల్సి వచ్చి, మనం ఈశాన్యాన్ని పట్టుకున్నాం. ఈ మాటకు నువ్వు నొచ్చుకుంటే నన్ను క్షమించు.

పోయేముందు గోవిందును, మీ అమ్మ ఎలా ఉందని అడిగాను. టేపు చుట్టుకుంటూ, "మాయమ్మ కాడికి కొన్నాళ్ళు రాబాకక్కా" అన్నాడు. "ఆపొద్దు నా మీద చెయ్యి చేసుకునింది, పిల్లోళ్ళు చూస్తుండంగానే. ఇప్పుడు అది తల్చుకోని అన్నం తినటంలా."

అందుకే నిన్ను ఒక్కటి అడుగుతున్నాను. కోతలయ్యాక నాలుగు రోజులు ఇక్కడికి రా. నెల్లూరులో బస్సెక్కితే చాలు, మీ మరిది స్టాపు దగ్గరికి వస్తారు. మోకాళ్ళకు ఇబ్బంది లేకుండా కింది గదిలోనే పడక వేస్తాను. పోలమ్మ ఇంటికి పోవాలి. ఒంటరిగా పోవడానికి నాకు కాళ్ళు రావడం లేదు. దిక్కుల మాట నువ్వు ఎత్తొద్దు, నా తరఫున ఏమీ చెప్పొద్దు. పెద్దదానివి, ఊరికే నా పక్కన నిలబడు చాలు.

బావగారికి నా నమస్కారాలు చెప్పు. పెద్దమ్మ కాళ్ళకు దండం పెట్టానని చెప్పు. పిల్లలకు ముద్దులు. మేం తిండికీ బట్టకూ లోటు లేకుండా ఉన్నాం, ఆ విషయంలో నిశ్చింతగా ఉండు. ఈసారి నీ దీవెన అడగడానికి నాకు నోరు రావడం లేదు. నువ్వే తోచినప్పుడు ఇవ్వు.

నిన్న పొద్దున వీధిలో పోలమ్మ కేక వినిపించి గిన్నె పట్టుకుని గబగబా గేటు దాకా పోయాను. గంప నెత్తిన పెట్టుకుని మా ఇంటి ముందు నుంచే పోయింది. నన్ను చూసి, పరాయివాళ్ళను అడిగినట్టు మర్యాదగా, "చేపలు కావాలా అమ్మా?" అని అడిగింది.

నీ చెల్లెలు,
సుగుణ