నాన్న కాపలా కాసిన ట్రేలు

కాండెలారియా, ఫిలిప్పీన్స్,
నవంబరు 4.

అమ్మకు,

దీవెన కోసం నీ చేయి నా నుదుటికి తాకించుకున్నాననుకుని రాస్తున్నాను. ఇక్కడ అందరం క్షేమం. అలవాటు కొద్దీ అలా రాసేశాను, మన్నించు. అందరిలో ఒకరు తక్కువ. మిలాన్‌లో చలి మొదలైందన్నావు. నువ్వు చూసుకునే ముసలావిడకు రెండు దుప్పట్లు కప్పి, నువ్వు మాత్రం ఆ పలచటి స్వెట్టరుతో తిరుగుతుంటావు, నాకు తెలుసు.

నువ్వు అడిగినవి ఒక్కొక్కటే చెబుతాను. సమాధుల పండగకు నాన్న దగ్గర కొవ్వొత్తులు వెలిగించాం. ఆయనకిష్టమని అరటాకులో చుట్టి ఉడికించిన తీపి అన్నం, సుమాన్ కూడా పెట్టాం. ఫెలీ అత్త అందులో సగం తనే తినేసి, "మా తమ్ముడికి తీపి పడదులే" అంది. తర్వాత చాలాసేపు ఏడ్చింది. ఇంటి కప్పు కారడం ఆగింది. నా దగ్గు తగ్గింది.

ఈ కాగితం ఒకసారి తడిమి చూడు. ఇది నాన్నది. కొబ్బరికోరు ఫ్యాక్టరీ వాళ్లు పారబోసే కొబ్బరినీళ్లలో చక్కెర, వెనిగర్ కలిపి, పాత తోడు వేసి, పైన మీగడలా కట్టే నాటా పొరను నాన్న మిఠాయిల వాళ్లకు అమ్మడమే నీకు తెలుసు. లగూనాలో ఒక కాగితం కార్ఖానా ఆ పొరల్నే మెత్తగా రుబ్బి అబకా నార గుజ్జులో కలుపుతోంది. కాగితం గట్టిపడుతుందట. పొర మాత్రం అంతటా ఒకే మందంగా ఉండాలన్నారు. మనవి రెండుసార్లు తిప్పి పంపారు.

"తినేదాన్ని కాగితం చేస్తావట్రా సెల్సో? రేపు కాగితం వండిపెడతావేమో" అని అత్త దెప్పింది.

"నీకైతే రాతతో సహా వండుతాలే అక్కా" అన్నాడు నాన్న.

మూడోసారి పంతం పట్టాడు. ట్రేలలో పోశాక పొర కట్టేదాకా కదిలించకూడదు కదా, కదిలితే రెండు పొరలుగా విడిపోతుంది. షెడ్డులో చెప్పుల చప్పుడు వినిపించకూడదన్నాడు, మాట్లాడొద్దన్నాడు. "తుమ్మొస్తే రోడ్డు మీదికెళ్లి తుమ్మి రావే" అన్నాడు. తనే స్టూలు వేసుకుని కాపలా కూర్చున్నాడు. ట్రేలు పోసిన మర్నాడే పోయాడు.

వాటిని మేం తీసింది తొమ్మిదిరోజుల ప్రార్థనలు ముగిశాక. వచ్చినవాళ్లంతా షెడ్డు పక్కన గొంతు తగ్గించి జపించారు. ఒక్క పొరకూ వంక లేదు. కార్ఖానా వాళ్లు అన్నీ తీసుకుని, వాటితో చేసిన కాగితాలు కొన్ని నాకు పంపించారు.

ఇక నీ ఆఖరి ప్రశ్న. "పోయేటప్పుడు నువ్వు పక్కనే ఉన్నావుగా, ఏమైనా అన్నాడా?" అని అడిగావు. నా ఒళ్లోనే పోయాడని నీకు ఫోనులో చెప్పాను. అది అబద్ధం అమ్మా.

ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి వెనిగర్ సీసా కోసం షెడ్డు తలుపు తీశాను. నాన్న తల గోడకు ఆన్చి స్టూలు మీదే ఉన్నాడు. నన్ను చూసి చెయ్యి కొంచెం లేపాడు. చప్పుడు చెయ్యకుండా పొమ్మంటున్నాడనుకున్నాను. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, మునివేళ్ల మీద వచ్చేశాను. మూడింటికి కాఫీ తీసుకెళ్లి ఆయన కాళ్ల దగ్గర పెట్టాను. కళ్లు మూసుకునుంటే కునుకు పట్టిందనుకుని పిలవలేదు. అయిదింటికి వెళితే కాఫీ అలాగే ఉంది. భుజం తట్టాను, ఒళ్లు చల్లబడింది.

గుండెపోటన్నారు. రెండింటికే తీసుకొస్తే బతికేవాడా అని డాక్టరును నేను అడగలేదు. అడిగే ధైర్యం ఇప్పటికీ లేదు.

ఆ చెయ్యి నన్ను రమ్మందేమో అమ్మా. ఆయన పక్కన ఎవరూ లేరు. గోడకు ఇవతల నేను గిన్నెలు తోముకుంటున్నాను, అదీ చప్పుడు కాకుండా.

ఈ ఉత్తరాన్ని చించేద్దామని రెండుసార్లు పట్టి లాగాను. ముడత పడింది గానీ చిరగలేదు. పొయ్యిలో పెట్టడానికి నాకు చేతులు రాలేదు. అందుకే పంపుతున్నాను. తిట్టినా సరే, జవాబు రాయి.

ఇట్లు,
చెప్పులు విప్పుకుని వెనక్కి వచ్చేసిన
నీ కూతురు
రొసెల్