బలవంతం చేసినవారి సంతకం

సోమవారం

పురపాలక ఆఫీసు పెద్ద గుమాస్తాకి, అంటే మా అన్నయ్య కొడుక్కి, మేనత్త దీవెనలు.

శనివారం మీ ఛైర్మన్ నన్ను తన గదిలో కూర్చోబెట్టి, తలుపు గడియ వేసి, వార్డు సభ్యత్వానికి రాజీనామా రాయించుకున్నాడు. గ్రంథాలయం పడగొట్టి దుకాణాలు కట్టడానికి నా ఒక్క ఓటే అడ్డం. సంతకం పెట్టకపోతే నర్సుగా చేస్తున్న నా కోడల్ని అడవిలోకి బదిలీ చేయిస్తానన్నాడు. భయమేసి పెట్టేశాను. ఇంటికొచ్చి చెబితే కోడలు, "అడవిలోనూ జ్వరాలొస్తాయి అత్తయ్యా, మీరు తగ్గకండి" అంది. కాబట్టి ఆ కాగితం చెల్లదు. శుక్రవారం ఓటుకు వస్తున్నాను.

ఇట్లు,
పదకొండో వార్డు సభ్యురాలు

తా.క.: అందులో "ఎవరి బలవంతమూ లేకుండా" అన్న మాట కూడా బలవంతంగానే రాయించాడు.

మంగళవారం

గౌరవనీయులైన సభ్యురాలు గారికి నమస్కారములు.

తమరి లేఖ అందినది. బలవంతం జరిగినదనుటకు, బలవంతం చేసిన వ్యక్తి స్వయంగా ఒప్పుకుని సంతకం చేసిన పత్రం గురువారం లోపు సమర్పించవలెను. లేనిచో రాజీనామా ఆమోదించబడును.

ఇట్లు,
తమ విధేయుడు, పెద్ద గుమాస్తా

తా.క.: అత్తా, దొంగ దగ్గర్నుంచే రసీదు తెమ్మన్నట్టుందని నాకూ తెలుసు. తిట్టుకో, కానీ నాన్నకి చెప్పకు.

బుధవారం

ఒరేయ్ రూల్సు పుట్టా, ఆశీస్సులు.

పత్రం జత చేశాను. గ్రంథాలయానికి వచ్చే ఆడవాళ్లం ఇరవైమందిమి పొద్దున్నే ఛైర్మన్ గారి వరండాలో కూర్చున్నాం. అరవలేదు, దారికి అడ్డం పడలేదు. నిఘంటువు తెచ్చుకుని వంతులవారీగా గట్టిగా చదివాం, అర్థాలతో సహా. 'అ' సగం కాకముందే కిటికీలు మూశాడు. 'ఉ' దగ్గర వాళ్లావిడ కుర్చీ తెచ్చుకుని మా పక్కన కూర్చుంది. మధ్యాహ్నం 'క' మొదలవగానే ఛైర్మన్ బయటికొచ్చి, "ఇంకా ఎంతదాకా?" అన్నాడు. "బండి 'ఱ' దాకా" అన్నాను. "కలం ఇవ్వండి" అన్నాడు.

ఇట్లు,
నీ మేనత్త

తా.క.: వాళ్లావిడ మాత్రం పుస్తకం పూర్తయ్యేదాకా లేవనంటోంది. రేపు 'గ'.

గురువారం

గౌరవనీయులైన సభ్యురాలు గారికి నమస్కారములు.

తమరి రాజీనామా రద్దయినది. రేపు ఓటుకు రావలెను.

అయితే, ఆ పత్రంపై తనచేత బలవంతంగా సంతకం పెట్టించారని ఛైర్మన్ గారు ఫిర్యాదు ఇచ్చియున్నారు. బలవంతం చేసిన వ్యక్తి, అనగా తమరు, స్వయంగా ఒప్పుకుని సంతకం చేసిన పత్రం తేవలెనని వారికి తెలియజేయడమైనది. మధ్యాహ్నం తమరి గుమ్మానికి వచ్చుచున్నారు.

ఇట్లు,
తమ విధేయుడు, పెద్ద గుమాస్తా

తా.క.: ఆ నియమం ఏ పుస్తకంలోనూ లేదత్తా. మంగళవారం ఛైర్మనే నా కుర్చీ వెనక నిలబడి, అప్పటికప్పుడు కల్పించి, నాచేత రాయించాడు. రాస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను. పైగా పక్కాగా ఉండాలని ఆఫీసు ముద్ర కూడా ఆయనే వేశాడు. ఇక సంతకం పెట్టడం, మానడం పూర్తిగా నీ ఇష్టం. ఆయన్ని మాత్రం కూర్చోబెట్టి మంచినీళ్లివ్వు, ఎండన పడి వస్తున్నాడు.