మార్చిలో కోసిన అజేలియా

వర్జీనియా కొండలు,
మార్చి 9, 1931

ఓర్లీనా,

దగ్గు తగ్గిందని శానటోరియం నర్సు చేత రాయించావు. సంతోషం. వాగు పక్కన మన అడవి అజేలియా పూలపొద ఇంకా మోడులాగే ఉంది. దానికి పువ్వు ముందు, ఆకు తర్వాత అని నీకు నేను చెప్పాలా! మేలో గానీ పూయదు.

నిన్న కత్తి పట్టుకెళ్లి పన్నెండు కొమ్మలు కోశాను. సన్న మొగ్గలు ఆకులవి, కొమ్మ చివర లావుగా ఉండేవి పూలవి. లావువి చూసే కోశాను. మొదళ్లు చితక్కొట్టి గోరువెచ్చని నీళ్లలో పెడితే మూడు వారాల్లో గదిలోనే విచ్చుకుంటాయని మీ అమ్మ చెప్పింది.

మన డెస్సీ నా వెంటపడి వచ్చింది.

"ఇప్పుడే ఎందుకు నరుకుతున్నావు నాన్నా? అమ్మ మేలో వచ్చి పొద మీదే చూస్తుంది కదా!" అని దెబ్బలాడింది.

"మీ అమ్మకి తొందరెక్కువ, తెలీదా?" అన్నాను.

"అమ్మకి కాదు, నీకే!" అంది. నేను ఇంకో కొమ్మ వంచి కోశాను.

పోయిన సోమవారం మీ పెద్ద డాక్టరు దగ్గర్నుంచి నాకో ఉత్తరం వచ్చింది. దాని సంగతి వచ్చాక మాట్లాడుకుందాం.

పోస్టులో పంపితే మొగ్గలు రాలిపోతాయి. అందుకని శనివారం రైలుకి నేనే తెస్తున్నాను. దుక్కి మా అన్నయ్యకి అప్పజెప్పాను. ఆ గులాబీరంగు గొట్టం పూలలోంచి కేసరాలు పిల్లి మీసాల్లా బయటికి సాగి, లవంగాల వాసన గదంతా నిండేదాకా నీ మంచం పక్కనే కూర్చుంటాను. నర్సు పొమ్మన్నా పోను.